పీతల తాడూ డాల్ఫిన్ పటమూ

సుందరబన్ పాయల్లో ఓ చిన్న నావ. దాని మీద పీతలు పట్టే జాలరి ఒకడు, డాల్ఫిన్‌ల మీద పరిశోధన చేసే ఆమె ఒకతె. అతనికి బెంగాలీ తప్ప రాదు. ఆమె పుట్టింది కలకత్తాలోనే అయినా పెరిగింది అమెరికాలో, బెంగాలీ ముక్క రాదు. అతను పొడవాటి తాడుకు వరసగా ఎరలు కట్టి నీళ్లలో వదులుతాడు. తిరిగి వస్తూ తాడు పైకి లాగి, ఎరను వదలని పీతల్ని బుట్టలో వేసుకుంటాడు. ఆమె చేతిలో నది లోతు కొలిచే పరికరం ఉంది. కొలతలు సరిగ్గా రావాలంటే నావ తిన్నని గీతల్లో పోయి రావాలి. పీతల తాడుకు కావలసిందీ అదే. ఒకే నావ, ఒకే గీత, రెండు పనులు. ఒకరి కోసం ఒకరు పని మానుకోవలసిన అవసరమే రాలేదు.

అమితావ్ ఘోష్ 2004లో వెలువరించిన ఇంగ్లీషు నవల 'ది హంగ్రీ టైడ్'లోది ఈ సన్నివేశం. పరిశోధకురాలి పేరు పియా, జాలరి పేరు ఫొకిర్. వలస పాలన అనంతర సాహిత్యం అనే అరలో పెట్టి ఈ నవల మీద విమర్శకులు చాలానే రాశారు: శరణార్థులు, అనువాదం, అడుగున పడిన చరిత్ర. అవన్నీ నిజమే. కానీ నాకిది ముందుగా ప్రకృతి శాస్త్రం తెలిసిన నవల. కథలో ఏ మలుపు వెనక చూసినా నీళ్లో, బురదో, ఒక జంతువు అలవాటో కారణంగా కనిపిస్తుంది. ఆ కారణాలు నిజంగా అలాగే పనిచేస్తాయా అన్నదే ఇక్కడి సంగతి. కథ చివర ఏమవుతుందో కూడా చెప్పేస్తాను, ముందే హెచ్చరిస్తున్నాను.

గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు బంగాళాఖాతంలో కలిసే చోట దాదాపు 10,000 చదరపు కిలోమీటర్ల మడ అడవి సుందరబన్. అందులో అరవై శాతం బంగ్లాదేశ్‌లో, మిగతాది మన పశ్చిమ బెంగాల్లో. భారత్ వైపు 102 దీవులుంటే 54 దీవుల్లో జనం ఉన్నారు. నలభై లక్షలకు పైమాటే. పన్నెండు గంటల పాతిక నిమిషాలకొకసారి పోటు వస్తుంది. నీటిమట్టం చాలాచోట్ల మూడు నుంచి అయిదు మీటర్ల దాకా లేచి పడుతుంది. అమావాస్య, పున్నములకు పోటు జోరు ఎక్కువ, అష్టమి రోజుల్లో తక్కువ. ఈ లెక్క మన కోరంగి జాలరికీ తెలుసు, సుందరబన్‌లోని గోసాబా జాలరికీ తెలుసు. పొద్దున నడిచి వెళ్లిన బురద మేట మధ్యాహ్నానికి నిలువులోతు నీళ్లలో ఉంటుంది. నవల కూడా రెండు భాగాలే: మొదటిది ఆటు, రెండోది పోటు.

ఈ బురదలో చెట్టు బతకడమే ఒక విద్య. బంకమట్టిలోకి గాలి చొరబడదు, కాబట్టి వేళ్లకు ప్రాణవాయువు అందదు. అందుకే మడచెట్టు వేళ్లు మట్టిలోంచి పైకి పొడుచుకొస్తాయి, ఆటు వేళ గాలి పీల్చుకుంటాయి. ఉప్పుపొన్న జాతి చెట్లు ఉప్పును వేరు దగ్గరే చాలావరకు ఆపేస్తాయి. తెల్లమడ లోపలికి రానిచ్చి ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి నెట్టేస్తుంది, ఆకు నాకి చూస్తే తెలుస్తుంది. ఉప్పుపొన్న విత్తనమైతే చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మూరెడు మొలకగా కిందపడి, బురదలో దిగబడుతుంది. అడవికి పేరిచ్చిందని చెప్పే సుందరి చెట్టుకు మాత్రం కాస్త తీపి నీళ్లు కావాలి. గంగ ప్రధాన ధార కొన్ని శతాబ్దాలుగా తూర్పుకు జరిగిపోవడంతో మాత్లా, విద్యాధరి లాంటి పడమటి నదులకు పైనుంచి మంచినీళ్లు రావడం దాదాపు ఆగిపోయింది. అందుకే సుందరి ఎక్కువగా బంగ్లాదేశ్ వైపే మిగిలింది.

పీతల సంగతి వేరే చెప్పాలి. నవలలో పియా ఒకచోట పీతల గురించే ఆలోచనలో పడుతుంది, ఈ అడవిని నిలబెడుతున్నది పులీ కాదు మొసలీ కాదు, ఇవే అనుకుంటుంది. అది అతిశయోక్తేం కాదు. రాలిన ఆకుల్ని పోటు నీళ్లు సముద్రంలోకి ఈడ్చుకుపోకముందే పీతలు బొరియల్లోకి లాక్కుపోయి తింటాయి, మిగిలింది మట్టిలో కలుస్తుంది. బొరియల గుండా గాలీ నీళ్లూ బురద లోతుకు దిగుతాయి. పీతలు పట్టే మనిషిని నవలకు నాయకుడిని చేసి, అతని పక్కన డాల్ఫిన్ శాస్త్రవేత్తను కూర్చోబెట్టడం రచయిత తెలిసి చేసిన పనే.

ఇక డాల్ఫిన్. పియా వెతుకుతున్నది ఇరావడీ డాల్ఫిన్‌ను. గంగా డాల్ఫిన్‌కు పొడవాటి ముక్కు ఉంటుంది, చూపు దాదాపు లేదు, ధ్వనితోనే దారి వెతుక్కుంటుంది. ఇరావడీ డాల్ఫిన్ తల గుండ్రం, ముక్కు లేదు, కళ్లు పనిచేస్తాయి. సముద్ర తీరంలోనూ నదుల్లోనూ బతకగలదు. పేరు బర్మా నదిదే గానీ, శాస్త్రలోకానికి అది పరిచయమైంది మన విశాఖపట్నం నుంచి. 1852లో అక్కడ దొరికిన నమూనా ఆధారంగా రిచర్డ్ ఓవెన్ 1866లో దాన్ని వర్ణించాడు. ఆ వ్యాసం శీర్షికలోనే వాల్టర్ ఎలియట్ సేకరించిన భారతీయ తిమింగల జాతులని ఉంది. అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించి శిల్పాలు తరలించిన ఎలియట్ ఇతనే. శిల్పాలూ జంతువులూ ఇంగ్లండుకు చేరినదీ ఒకే రకం చేతుల మీదుగానే. గంగా డాల్ఫిన్‌కు 1801లో శాస్త్రీయ నామం పెట్టినవాళ్లలో ఒకడైన విలియం రాక్స్‌బర్గ్ కూడా కలకత్తా వెళ్లకముందు సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు చదివినవాడు.

మెకాంగ్ నదిలో ఈ డాల్ఫిన్‌లు ఎండాకాలంలో లోతైన మడుగుల్లో గుమికూడతాయి, వరద వచ్చాక చెదిరిపోతాయి. ఘోష్ అక్కడ ఇసబెల్ బీస్లీ అనే పరిశోధకురాలి సర్వేలో వెంట తిరిగాడు. నవలలో పియా గర్జన్‌తలా అనే దీవి పక్క మడుగులో, ఆటు వేళ గుమికూడి పోటు వేళ వెళ్లిపోయే డాల్ఫిన్‌లను చూస్తుంది. మెకాంగ్‌లో ఏడాదికొకసారి జరిగే రాకపోకలు ఇక్కడ రోజుకు రెండుసార్లు జరుగుతున్నాయేమోనని ఊహిస్తుంది. ఇది నవలాకారుడి కల్పన. అయినా నాకు నచ్చినది, దాన్ని నిజమైన పరికల్పనలా కట్టిన తీరు: ఫలానా మడుగులో, ఫలానా వేళ, ఇన్ని ఉండాలి. లేకపోతే ఊహ తప్పు. సైన్సును మంత్రదండంలా వాడే నవలలు చాలా ఉన్నాయి, లోతు కొలతల విసుగును ఇంత ఓపిగ్గా రాసినవి తక్కువ.

నిజ జీవితంలో ఈ లెక్క ఎలా తీస్తారంటే: 2002లో బ్రయన్ స్మిత్ బృందం బంగ్లాదేశ్ సుందరబన్‌లో ఒకే దారిలో విడివిడిగా లెక్కపెట్టే రెండు జట్లను పెట్టింది. ఒక జట్టు చూసి రెండో జట్టు చూడనివి ఎన్నో తెలిస్తే, ఇద్దరూ చూడనివి ఎన్ని ఉండొచ్చో అంచనా కట్టొచ్చు. అలా తేలినవి 451 ఇరావడీ, 225 గంగా డాల్ఫిన్‌లు. పాయలు కలిసే చోట్లంటే రెండింటికీ ఇష్టం. ఉప్పు పెరిగేకొద్దీ గంగా డాల్ఫిన్ వెనక్కి తగ్గుతుంది. పైనుంచి వచ్చే మంచినీళ్లు తగ్గితే ముందు నష్టపోయేది అదే.

ఫొకిర్‌కు ఆ మడుగు ఎలా తెలుసు? నవలలో అతని తల్లి కుసుమ్ చిన్నప్పుడే చూపించింది. డాల్ఫిన్‌లు వనదేవత బన్‌బీబీ దూతలని, నదులన్నీ తిరిగి ఆమెకు వార్తలు చేరవేస్తాయని చెప్పింది. కుసుమ్‌కు తన తండ్రి ద్వారా తెలుసు. అంటే మూడు తరాల పరిశీలన. పియా దాన్ని కొన్ని రోజుల్లో నోటుపుస్తకంలోకి ఎక్కించింది.

ఇక్కడ నవల మీద నాకొక ఫిర్యాదు ఉంది. కనాయ్ అనే ఢిల్లీ అనువాదకుడు పేజీల కొద్దీ మాట్లాడతాడు, అతని దగ్గరి బంధువు నిర్మల్ డైరీ నిండా కవిత్వమే, ఫొకిర్ మాత్రం దాదాపు మూగ. అతనికి తెలిసినదంతా పుట్టుకతో వచ్చినట్టు, నదితో ఏదో రహస్య బంధం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి జాలరి జ్ఞానం అలా రాదు. తప్పు పాయలోకి పోయి చిక్కుకుని, వల చింపుకుని, పోటు వేళ తప్పి, పక్క నావవాడు చెప్పింది నమ్మాలో లేదో తేల్చుకుని వచ్చేది. అదీ ఒక రకం పరిశోధనే. దాన్ని స్వభావంగా చూపిస్తే అతని కష్టాన్ని తక్కువ చేసినట్టే.

బన్‌బీబీ కథ మాత్రం నవలలో బలంగా పలుకుతుంది. మక్కా మదీనాల ప్రస్తావనతో మొదలై, అడవిలో పులి రూపంలో తిరిగే దక్షిణ రాయ్‌ని ఓడించి, దుఖే అనే పేద కుర్రాణ్ణి కాపాడే తల్లి ఆమె. హిందువులూ ముస్లిములూ ఇద్దరూ మొక్కుతారు. ఆమె కథ పుస్తకం బెంగాలీలోనే ఉన్నా, పేజీలు అరబ్బీ పుస్తకంలోలా ఎడమ నుంచి కుడికి తిప్పాలి. అత్యాశ లేకుండా, అవసరమైనంతే తీసుకోవడానికి వెళ్లినవాడికి ఆమె రక్షణ ఉంటుందన్నది నియమం. దీన్ని పర్యావరణ నీతి అని మురిసిపోవడం తేలిక. పులి ఉన్న చోట ఎక్కువసేపు ఉండకపోవడమే ప్రాణాలకు మంచిదన్న అనుభవం కూడా ఆ నియమంలో ఉంది.

2018 లెక్కల ప్రకారం భారత్ వైపు 88, బంగ్లాదేశ్ వైపు 114 పులులు. ఇవి ఈదుతాయి, ఊళ్లలోకీ వస్తాయి. నవలలో పశువుల కొట్టంలో చిక్కిన పులిని ఊరివాళ్లు నిప్పంటించి చంపుతారు. పియా అడ్డుపడబోతుంది. ఆ గుంపులో ఫొకిర్ కూడా ఉండటం ఆమెకు మింగుడు పడదు. ఆమెతో పాటు పాఠకుడూ ఇబ్బంది పడతాడు, పడాలి.

ఊరివాళ్లకు పులి మీద ఆ కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే మరిచ్‌ఝాపీ దీవికి వెళ్లాలి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల్లో దళితులైన నామశూద్రులను ప్రభుత్వం మల్కన్‌గిరి వంటి దండకారణ్య ప్రాంతాలకు పంపింది. కొందరు మన కాగజ్‌నగర్ దగ్గరి ఈజ్‌గాం పరిసరాల్లోనూ స్థిరపడ్డారు. నీళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ రాతినేల పరాయిది. 1978లో వేలమంది వెనక్కి వచ్చి మరిచ్‌ఝాపీలో గుడిసెలు వేసుకున్నారు, చేపల చెరువులు తవ్వుకున్నారు, బడి పెట్టుకున్నారు. అడవి రిజర్వు స్థలమంటూ వామపక్ష ప్రభుత్వం 1979 జనవరిలో దీవిని దిగ్బంధించింది. మే నెలలో ఖాళీ చేయించింది. ఎంతమంది పోయారన్నదాని మీద సర్కారు లెక్కకూ బతికి బయటపడ్డవాళ్ల లెక్కకూ పొంతనే లేదు. నవలలో కుసుమ్ అక్కడే చనిపోతుంది. ఆకలి కంటే తనను ఎక్కువ బాధించింది, జంతువుల కోసం ఈ నేలను కాపాడాలన్న పోలీసుల ప్రకటన అంటుంది.

ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది 1973లో. మొదటి తొమ్మిది రిజర్వుల్లో సుందరబన్ ఒకటి. మానవ శాస్త్రవేత్త అన్నూ జలైస్ ఆ దీవుల్లో ఉండి విన్న మాట ఒకటుంది: మరిచ్‌ఝాపీ తర్వాతే పులులకు పొగరెక్కిందని, తమకంటే వాటికే విలువ ఎక్కువని వాటికి తెలిసిపోయిందని దీవుల వాళ్లు చెప్పారట. జీవశాస్త్రంగా దీనికి అర్థం లేదు. అడవిశాఖకూ జనానికీ మధ్య చెడిన సంబంధాన్ని చెప్పడానికి ఇంతకు మించిన వాక్యం నాకు తెలియదు. 2023లో కలకత్తా హైకోర్టు, కోర్ ఏరియాలో, అంటే మనుషులు అడుగుపెట్టకూడని అడవి నడిభాగంలో, చనిపోయారన్న కారణంతో పులి బారిన పడ్డవాళ్ల భార్యలకు పరిహారం నిరాకరించడం కుదరదని చెప్పవలసి వచ్చింది.

చివరికి తుపాను. నవలలో హెన్రీ పిడింగ్టన్ అనే దొర ప్రస్తావన వస్తుంది. 1848లో 'సైక్లోన్' అన్న మాటను పుట్టించింది ఇతనే. 1789 డిసెంబరులో మన కోరంగిని ముంచిన అలల గురించి కూడా రాశాడు. మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని సర్కారు తలపెడితే, ఉప్పెన వస్తే మిగలదని 1853లోనే హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. క్యానింగ్ రేవు కట్టారు, 1867 తుపాను దాన్ని దెబ్బకొట్టింది, తర్వాత వదిలేశారు.

నవల చివర పియా, ఫొకిర్ తుపానులో చిక్కుకుని ఒక చెట్టుకు తమను కట్టేసుకుంటారు. తుపాను కన్ను దాటాక గాలి రెండో దిక్కు నుంచి కొడుతుంది, ఇది సరిగ్గా రాశాడు. ఆమెకు అడ్డుగా ఉన్న ఫొకిర్ ఎగిరొచ్చిన మొద్దు తగిలి చనిపోతాడు. మడ అడవి ఊళ్లను కాస్తుందా అన్నదానికి ఒడిశాలో మంచి ఆధారం దొరికింది. 1999 పెను తుపాను మీద సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో రాసిన వ్యాసం ప్రకారం, కేంద్రపడా జిల్లాలో సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఎంత వెడల్పుంటే చావులు అంత తక్కువ. అదే వ్యాసం ఇంకో మాట కూడా చెప్పింది, దీన్ని చాలామంది వదిలేస్తారు: మడ కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడింది ముందస్తు హెచ్చరిక. ఆ రోజు ఫొకిర్‌కు అందనిది అదే.

పియా దగ్గర మిగిలింది జీపీఎస్ పరికరం. ఫొకిర్ ఆమెను తిప్పిన పాయలన్నీ అందులో ఉన్నాయి. దానితో కొత్త పరిశోధన మొదలుపెడతానని, దానికి ఫొకిర్ పేరు పెడతానని, జాలర్లతో కలిసే చేస్తానని అంటుంది. ఆమె నిజాయితీని శంకించను. కానీ పటం గీసినవాడు బతికుంటే వ్యాసం మీద అతని పేరు ఏ వరసలో ఉండేదో నవల అడగదు.

బర్మాలో ఇరావడీ నది మీద ఈ సంగతి ఇంకోలా నడిచింది. అక్కడ విసురు వల జాలర్లు నావ అంచు మీద కర్రతో తట్టి డాల్ఫిన్‌లను పిలుస్తారు. అవి చేపల్ని నావ వైపు తరుముతాయి, వల పడే గందరగోళంలో తమ వాటా తాము తింటాయి. 2005 చివర్లో మాండలే పైన 74 కిలోమీటర్ల నదిని రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు ఈ కలిసి పట్టే వేటను నిషేధించలేదు, దాన్ని కాపాడటమే ఒక లక్ష్యంగా పెట్టుకున్నారు. నిషేధించింది బ్యాటరీ కరెంటుతో చేపలు పట్టడాన్ని. కరెంటు పెట్టే నావలు తిరిగే చోట డాల్ఫిన్‌లు మనుషుల్ని నమ్మడం మానేస్తాయి, కర్రతో తట్టినా రావు. దాంతో వేట పోయేది విసురు వల వాళ్లకే కాబట్టి, కరెంటు నావల మీద మొదట ఫిర్యాదు చేసేదీ వాళ్లే.