లీవర్ రైఫిల్: బెంగళూరులో ఎందుకు కనిపించదు, నేర్చుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి

అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి మారతహళ్లికో వైట్‌ఫీల్డ్‌కో తిరిగొచ్చిన తెలుగువాళ్లు రైఫిల్ క్లబ్బులో చేరదామని వచ్చి ముందుగా అడిగే మాట, "లీవర్ యాక్షన్ ఉందా?" కౌబాయ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లూ అదే అడుగుతారు. క్లబ్బులో ఉండేవి 10 మీటర్ల గాలి రైఫిళ్లు, 50 మీటర్ల పాయింట్ 22 (గొట్టం లోపలి వ్యాసం 0.22 అంగుళం) బోల్ట్ రైఫిళ్లు, అంటే పక్కనున్న పిడిని చేత్తో లాగి నెట్టి తూటా ఎక్కించేవి. తుపాకుల దుకాణంలో అడిగితే పాయింట్ 315 బోల్ట్ రైఫిలో, పన్నెండు బోర్ తుపాకీయో చూపిస్తారు. మనవాళ్లకు నచ్చక లీవర్ రైఫిల్ ఇక్కడ లేకుండా పోలేదు. నూట యాభై ఏళ్లుగా ఒక్కో చట్టం, ఒక్కో సైనిక నిర్ణయం దాని దారి మూసుకుంటూ వచ్చాయి. ఒక్క సందు మాత్రం చట్టమే వదిలింది. కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది అక్కడే.

ముందు వస్తువు సంగతి. ట్రిగర్ చుట్టూ ఉండే ఇనుప కమ్మీయే వెనక్కి సాగి, మూడు వేళ్లు దూరేంత కన్నంగా మారుతుంది. అదే లీవర్. దాన్ని కిందికి తోస్తే తూటా వెనక తలుపులా నిలిచే బోల్ట్ వెనక్కి జరుగుతుంది, పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపడుతుంది, తూటాను కొట్టి పేల్చే హ్యామర్ వెనక్కి వాలి నిలబడుతుంది. బ్యారెల్ కింద గొట్టంలో వరసగా ఉన్న తూటాల్లో ఒకటి క్యారియర్ అనే చిన్న పలక మీదికి వస్తుంది. లీవర్‌ను తిరిగి దగ్గరికి లాగితే, క్యారియర్ లేపిన తూటాను బోల్ట్ చాంబర్‌లోకి (తూటా పేలే గదిలోకి) నెట్టి మూస్తుంది. రెండు కదలికలు, అంతే.

ఈ ఆలోచన 1848లో వాల్టర్ హంట్ చేసిన రైఫిల్‌తో మొదలైంది. అది పనికొచ్చేలా తయారు కావడానికి పన్నెండేళ్లు పట్టింది. బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పేటెంటు తీసుకున్న రైఫిల్ పాయింట్ 44 రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద కొడితే పేలే) తూటాలు పదహారు గొట్టంలో పట్టించుకునేది. దాని గొట్టం అడుగున పొడవునా చీలిక ఉండేది. అందులోంచి దుమ్ము చొరబడేది. పైగా తూటాలను నెట్టే బొడిపె ఆ చీలికలోనే కదిలేది కాబట్టి ఎడమచెయ్యి అడ్డం వస్తే రైఫిల్ ఆగిపోయేది. 1866లో నెల్సన్ కింగ్ పక్కనుంచి తూటాలు నింపే స్ప్రింగు తలుపు పెట్టడంతో గొట్టం పూర్తిగా మూసేశారు. ఆ ఏడాది వచ్చిన వించెస్టర్‌కీ, 1873 వించెస్టర్‌కీ ఇదే అమరిక. 1873 మోడల్ .44-40 సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో కొడితే పేలే) తూటా వాడేది. అయితే ఈ రెండింటిలోనూ బోల్ట్‌ను పట్టి ఉంచేది మోకాలిలా మడిచే టాగుల్ అమరిక. అది గట్టి తూటాలకు ఆగదు. జాన్ బ్రౌనింగ్ 1886, 1892, 1894 మోడళ్లలో నిలువుగా లేచి బోల్ట్ వెనక అడ్డం నిలిచే ఇనుప దిమ్మలు పెట్టాడు. అందుకే 1894 మోడల్ పొగలేని మందుతో నడిచే .30-30 తూటాను తట్టుకుంది. మార్లిన్ 1889లో పైభాగం మూసేసి, ఖాళీ తొడుగులు పక్కకు ఎగిరేలా చేసింది. పైకి ఎగరేసే పాత వించెస్టర్ మీద దుర్భిణి బిగించడం కష్టం, మార్లిన్ మీద సులువు.

1877లో బల్గేరియాలోని ప్లెవ్నా దగ్గర తుర్కు సైనికులు రష్యన్ల మీద వించెస్టర్లు వాడారు. ఆ పోరు చూశాక యూరప్ సైన్యాలన్నీ వెంటవెంట కాల్చగల రైఫిళ్ల గురించి ఆలోచించాయి గానీ లీవర్ వైపు పోలేదు. బోర్లా పడుకుని కాల్చే సైనికుడికి లీవర్ కిందికి తోయడానికి నేల అడ్డం. గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి మొనదేలిన బులెట్లు వాడకూడదు. వెనక తూటా మొన ముందు తూటా అడుగున మంట పుట్టించే ప్రైమర్‌కు తగిలి, తుపాకీ కుదుపుకు అది గొట్టంలోనే పేలవచ్చు. .30-30 తూటాల మొన చదునుగా ఉండటానికి కారణం ఇదే. బ్రిటిష్ సైన్యం బోల్ట్‌ను ఎంచుకుంది. ఇక్కడి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కూడా లీ ఎన్‌ఫీల్డ్ బోల్ట్ రైఫిళ్లే చేసింది. మన దేశంలో పౌరుల కోసం తయారైన పాయింట్ 315 రైఫిల్ ఆ వంశానిదే.

"మా తాతగారి దగ్గర మార్టినీ హెన్రీ ఉండేది, దానికీ లీవర్ ఉంది కదా" అంటారు కొందరు. ఉంది. కానీ అది ఒక్క తూటా రైఫిల్. లీవర్ నొక్కితే లోపలి దిమ్మ కిందికి దిగుతుంది, ప్రతి తూటా చేత్తో పెట్టాలి. బ్రిటిష్ సైన్యం దాన్ని 1871లో తీసుకుంది. 1857 తర్వాత భారతీయ సిపాయిలకు చాలాకాలం ఒక తరం పాత ఆయుధమే ఇచ్చేవారు. తెల్ల సైనికుడి చేతికి మార్టినీ వచ్చినప్పుడు సిపాయి చేతిలో స్నైడర్ ఉండేది. పేరులోని హెన్రీ కూడా వేరు. ఇతను బ్యారెల్ లోపలి గాడులు రూపొందించిన ఎడిన్‌బరో అలెగ్జాండర్ హెన్రీ. తర్వాత బీఎస్ఏ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్లు ఇదే పద్ధతిలో పాయింట్ 22 గురి రైఫిళ్లు చేశారు. పాత క్లబ్బు బీరువాలో లీవర్ ఉన్న రైఫిల్ కనిపిస్తే అది వించెస్టర్ కంటే బీఎస్ఏ మార్టినీ అయ్యే అవకాశమే ఎక్కువ. దొరికితే వదులుకోవద్దు, గురి నేర్చుకోవడానికి చక్కటి రైఫిల్.

చట్టాల వైపు చూస్తే, 1878లో లార్డ్ లిట్టన్ కాలంలో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసింది. కొడగు వాళ్లకు మాత్రం బ్రిటిష్ కాలం నుంచే మినహాయింపు ఉంది. కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. బెంగళూరులో ఉంటూ కొడవ స్నేహితుల ఇంట్లో గోడకు తుపాకులు చూసి, కర్ణాటకలో నియమాలు సడలింపుగా ఉంటాయనుకునే మనవాళ్లున్నారు. ఆ మినహాయింపు కొడవలకూ, జమ్మా అనే వంశపారంపర్య భూమి ఉన్నవాళ్లకూ మాత్రమే. స్నేహానికి వర్తించదు.

సైన్యం వాడే పాయింట్ 303 పౌరులకు నిషిద్ధ బోర్ అయింది. లీ ఎన్‌ఫీల్డ్ యాక్షన్‌నే పెట్టి ఇషాపూర్ పాయింట్ 315 చేసింది అందుకే. 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. అందులో 13వ సెక్షన్ మామూలు రైఫిల్‌కు లైసెన్సు కావాలంటే తగిన కారణం చూపాలంటుంది. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధనకు పాయింట్ 22 రైఫిలో గాలి రైఫిలో అడిగితే మాత్రం ఆ సెక్షనే దాన్ని విడిగా, పేరుపెట్టి చెబుతుంది. ఎన్ని ఆయుధాలు ఉండొచ్చో చెప్పే 3వ సెక్షన్ కూడా ఇదే మినహాయింపును మళ్లీ రాసింది. 2019 సవరణ ఆ పరిమితిని మూడు నుంచి రెండుకు తగ్గించినా, గురి సాధన పాయింట్ 22కు ఇచ్చిన వెసులుబాటు అలాగే ఉంది. చట్టం వదిలిన సందు అని మొదట చెప్పింది దీన్నే.

తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కళ్లెం పడింది, 1991 సవరణతో పూర్తిగా ముగిసింది. లీవర్ రైఫిల్‌కి అమెరికాలో ఉన్న అసలు పని వేటే కాబట్టి ఇక్కడ దానికి కారణమే లేకుండా పోయింది. 1980ల మధ్యలో మామూలు పౌరులు విదేశీ తుపాకులు తెప్పించుకునే వీలు ఆగింది. ఇప్పుడు దిగుమతి అవకాశం ప్రధానంగా పేరున్న పోటీ క్రీడాకారులకే. వాళ్లు తెప్పించేది ఆన్షుట్జ్, వాల్తర్ లాంటి పోటీ రైఫిళ్లు. లీవర్ రైఫిల్‌తో ఆడే పోటీ ఇక్కడ లేదు. అంటే ఈ దేశంలో ఉన్న లీవర్ రైఫిళ్లు చాలావరకు ఎస్టేట్ల వాళ్లూ జమీందార్లూ ఒకప్పుడు తెప్పించుకున్నవే.

కొత్తవాళ్లు చేయాల్సింది ఏమిటంటే, ముందు గాలి రైఫిల్. 2016 ఆయుధాల నియమాల ప్రకారం గుండు శక్తి 20 జౌళ్లు మించని, గొట్టం వ్యాసం 0.177 అంగుళం అంటే 4.5 మిల్లీమీటర్లు దాటని గాలి రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. నిలబడి ఆ చుక్క చుట్టూ తూట్లు గుంపుగా పడేలా కాల్చగలిగితే ఏ రైఫిల్ అయినా చేతికి లొంగుతుంది. అండర్‌లీవర్ గాలి రైఫిల్‌కూ కింద పొడుగాటి లీవర్ ఉంటుంది. అది స్ప్రింగును కుదించడానికే, గుండు మాత్రం చేత్తో పెట్టాలి. గుండు పెడుతున్నంతసేపూ లీవర్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి. లోపలి కొక్కెం అరిగి జారితే స్ప్రింగు ఒక్కసారిగా మూసుకుంటుంది, వేలు నలుగుతుంది.

తర్వాత రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ గుర్తింపున్న క్లబ్బులో సభ్యత్వం, అక్కడి పాయింట్ 22 మీద ఏడాది సాధన. సొంతానికి కావాలంటే వయసు 21 నిండాలి. ఎ-1 ఫారంలో దరఖాస్తుతోపాటు ఆయుధ భద్రత శిక్షణ పూర్తిచేసినట్టు ఎస్-1 ఫారంలో ధ్రువపత్రం పెట్టాలి. బెంగళూరు నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారి పోలీస్ కమిషనర్. లైసెన్సు ఐదేళ్లకు చెల్లుతుంది. మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునేది చిరునామా దగ్గర: ఆధార్‌లో నెల్లూరో కర్నూలో, కాపురం బెంగళూరు అద్దె ఇంట్లో. విచారణకు వచ్చే పోలీసుకు రెండూ కలవవు. కాబట్టి ముందు చిరునామా మార్పించుకుని, తర్వాతే ఫారం నింపండి.

నిజంగా లీవర్ రైఫిల్ చేతికొచ్చే దారి వారసత్వం. లైసెన్సుదారు చనిపోతే, లేదా ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు దగ్గరున్నా (ఏది ముందైతే అది) వారసుడు తన పేరున లైసెన్సు అడగవచ్చని 2016 నియమాల్లో ఉంది. చనిపోయిన సందర్భంలో ఆలస్యం చేయకుండా రైఫిల్‌ను పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోవాలి. పెద్దకర్మ అయ్యాక చూద్దాంలే అని అటక మీద ఉంచితే అది లైసెన్సు లేని ఆయుధమే. ఇచ్చేముందు బ్యారెల్ మీద చెక్కిన తూటా పేరు చదవండి. వించెస్టర్ 1895 మోడల్ పాయింట్ 303లో కూడా వచ్చింది. అదే అయితే నిషిద్ధ బోర్ కిందికి పోతుంది, వ్యవహారమే వేరు. .44-40, .30-30 అయితే ఆ తూటాలు మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు చేయవు. పెట్టెలో మిగిలిన పాత తూటాలు ఎంత మెరుస్తున్నా కాల్చొద్దు. టాగుల్ అమరిక ఉన్న రైఫిల్ అయితే మరీ ముఖ్యంగా వద్దు.

పాయింట్ 22 లీవర్ దొరికినవాళ్ల అదృష్టం వేరు. మార్లిన్ 39ఏ గొట్టంలో లాంగ్ రైఫిల్ తూటాలు 19 పడతాయి, హెన్రీ హెచ్001లో 15. నింపేటప్పుడు లోపలి ఇత్తడి గొట్టాన్ని కొంచెం తిప్పి, కిటికీ కనిపించేంతవరకే పైకి లాగి, తూటాలు ఒక్కొక్కటిగా, తూటా అడుగు భాగం ముందు దిగేలా జారవిడవాలి. ముఖం, అరచెయ్యి బ్యారెల్ మూతి ముందుకు రాకూడదు.

కొత్తవాళ్ల చేతుల్లో వచ్చే మొరాయింపుల్లో ఎక్కువ భాగం లీవర్‌ను సగమే తోయడం వల్ల. భయపడుతూ మెల్లగా తోస్తే ఖాళీ తొడుగు పూర్తిగా ఎగరదు, కొత్త తూటా దానికి అడ్డంపడి నలుగుతుంది. చివరిదాకా, ఒకే ఊపులో తోసి, ఒకే ఊపులో లాగాలి. అలా చేసినా పాత మార్లిన్‌లో క్యారియర్ పట్టేస్తుంటే క్యారియర్‌ను లేపే అంచు అరిగి, దాని కిందికి రెండో తూటా జారుతోందని అర్థం. బలం ఉపయోగించకండి, తుపాకుల మిస్త్రీకి చూపించండి. తూటా పేలకపోతే మూతి లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగి తర్వాతే లీవర్ తెరవాలి. చప్పుడు మామూలు కంటే తక్కువగా వస్తే రైఫిల్ ఖాళీచేసి బ్యారెల్‌లో బులెట్ ఇరుక్కుందేమో చూడాలి. చూడకుండా ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది.

అన్నిటికంటే ప్రమాదం తూటా చాంబర్‌లో ఉండగా హ్యామర్‌ను బొటనవేలితో మెల్లగా దించడం. వేలు చెమటకు జారితే తుపాకీ పేలుతుంది. రేంజిలో ఆ అవసరమే రాకూడదు: కాల్చడం అయిపోతే లీవర్ తెరిచి, చాంబర్‌లోకీ క్యారియర్ మీదికీ చూసి, వేలు పెట్టి తడిమి, ఇత్తడి గొట్టం బయటికి తీసి, తెరిచిన లీవర్‌తోనే బల్ల మీద పెట్టాలి. లీవర్‌ను పదిసార్లు ఆడించినా గొట్టంలో ఒక తూటా ఇరుక్కుని ఉండిపోవచ్చు. గొట్టం తీస్తేనే ఖాళీ అయినట్టు.

శుభ్రం చేసేటప్పుడు 39ఏకు పక్కనున్న ఒక్క మర విప్పితే రైఫిల్ రెండు ముక్కలవుతుంది, వెనకనుంచి కడ్డీ దూర్చవచ్చు. వించెస్టర్ 94 లాంటివాటికి మూతి వైపునుంచే దూర్చాలి. కడ్డీ రాపిడికి మూతి అంచు అరిగిందంటే గురి పోయినట్టే, కాబట్టి ఇత్తడి గైడు పెట్టుకోవాలి. తర్వాత చేతులు సబ్బుతో కడగాలి, పాయింట్ 22 అంటే సీసం.

అమెరికా వెళ్లి అక్కడి రేంజిలో ప్రయత్నిద్దామనుకునేవాళ్లకు ఒక మాట. హెచ్-1బీ, విజిటర్ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతిలో ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లు మినహాయింపుల్లో ఒకరు. కొడుకు పిలిచాడని, స్నేహితుడి రైఫిలే కదా అని వెళ్లిపోకుండా ముందు ఆ లైసెన్సు తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు జీన్స్ జేబులు, బ్యాగు అడుగు మడతలు దులిపి చూసుకోండి. జ్ఞాపకంగా దాచుకున్న ఒక్క తూటా దేవనహళ్లి విమానాశ్రయం ఎక్స్‌రేలో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. ఖాళీ తొడుగులు కూడా అక్కడే వదిలేసి రండి.