పన్ను నొప్పి ఆగిపోతే సంతోషించకండి

పిల్లలూ,

పన్ను నొప్పి అనగానే ‘పురుగు పట్టింది’ అంటారు ఇంట్లో. పురుగేమీ ఉండదు. జీళ్ళు, చాక్లెట్లు తిన్నాక పళ్ళకు అంటుకున్న తీపిని కంటికి కనబడని సూక్ష్మజీవులు తిని ఆమ్లం వదులుతాయి. దాంతో పంటి పైనున్న గట్టి పొర, ఎనామిల్, కొద్దికొద్దిగా కరిగిపోతుంది. ఎనామిల్‌లో నరం లేదు కాబట్టి పన్ను పుచ్చుతున్నా తెలియదు. అప్పుడే వెళ్తే చిన్న ఫిల్లింగ్‌తో పోతుంది. నొప్పి లేనిదే ఎవరు వెళ్తారు!

గుంట లోపలికి దిగాక ఐస్‌క్రీం తింటే జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడం నాలుగైదు సెకన్లలో పోతే నరం చాలావరకు బాగున్నట్టే. నిమిషాల తరబడి లాగుతున్నా, వేడి పాలకు కూడా పోటు వస్తున్నా నరం బాగా దెబ్బతిన్నట్టు. వేలికి దెబ్బ తగిలితే వాస్తుంది. పంటి మధ్యలో నరం, రక్తనాళాలు ఉండే గుజ్జుకు చుట్టూ గట్టి గోడలే, వాయడానికి చోటేదీ? పడుకుంటే తలకు రక్తం ఎక్కువ చేరి ఒత్తిడి పెరుగుతుంది, పన్ను గుండెలా కొట్టుకుంటుంది. తలకింద రెండు దిండ్లు పెట్టుకుంటే కాస్త నయం.

నాలుగు రోజులు ఏడిపించిన పోటు హఠాత్తుగా మాయమైతే, నరం చచ్చిపోయి ఉండొచ్చు. ఇక వేరు చివర చీము పట్టి చిగురు మీద పొక్కు లేస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు కలిపి పుక్కిలించి ఉమ్మేయండి. ఇరుక్కున్న జంతిక ముక్కను దారంతో తీయాలి, పిన్నీసుతో కాదు. లవంగ నూనె పెద్దవాళ్ళే పెట్టాలి: చిన్న దూది ఉండకు ఒక్క చుక్క, గుంటలో మాత్రమే. చిగురుకు తగిలితే బొబ్బ లేస్తుంది, మింగితే పసివాళ్ళకు ప్రమాదం. పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోలుంటే 200 నుంచి 300. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. ఆస్పిరిన్ పిల్లలకు పనికిరాదు. దాన్ని నూరి చిగురుకు అద్దితే చిగురు కాలిపోతుంది. బుగ్గ వాస్తే కాపడం పెట్టకండి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు ఆనించండి. యాంటీబయాటిక్ గుంటను పూడ్చదు.

జ్వరం వచ్చినా, వాపు కంటి కిందికో దవడ కిందికో పాకినా, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

ఇంకొకటి. సుమారు ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక ఒక దవడ పన్ను వస్తుంది, ముందు మధ్య గీత నుంచి లెక్కపెడితే ఆరోది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది గనక పెద్దవాళ్ళు కూడా పాలపన్నే అనుకుని వదిలేస్తారు. పోతే మళ్ళీ రాని పన్ను అది! నమిలే వైపు లోతైన గాడులుంటాయి, అన్నం మెతుకు అక్కడే దాక్కుంటుంది. అద్దం ముందు టార్చి వేసి వెతకండి. రాత్రి పడుకునే ముందు బ్రష్ అక్కడిదాకా వెళ్తోందో లేదో చూసుకోండి.

మీ తాతయ్య