పార్టీ ఇచ్చే రెండో జీతం సంగతి

బిడ్డలారా,

వ్యాంకూవర్ దగ్గరున్న పెద్దోడి పిల్లలకూ, హైదరాబాద్‌లో ఉన్న చిన్నోడి పిల్లలకూ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. మొన్న వీడియో కాల్‌లో మీరడిగిన దానికి నేను జవాబు మొదలుపెట్టగానే అక్కడ మీ స్కూల్ బస్సు వచ్చింది, ఇక్కడ నల్గొండలో కరెంటు పోయింది. ప్రాజెక్టు కోసమని పెద్ద మనవరాలు అడిగింది ఇదే కదా: ముఖ్యమంత్రికి ప్రభుత్వం ఎట్లాగూ జీతం ఇస్తుంది, దాని మీద పార్టీ కూడా తనకొచ్చిన చందాల్లోంచి ఇంకో జీతం ఇస్తే తప్పా తాతా, ఆ మనిషి పార్టీ పని కూడా చేస్తుంది కదా అని. చిన్నోడి కొడుకు మధ్యలో దూరి 'చట్టం ఒప్పుకుంటే తప్పెట్లా అవుతుంది' అన్నాడు. వాడి ప్రశ్నే అసలుది.

ముందు మీ కెనడా సంగతి చెప్తా. మీ వ్యాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో క్రిస్టీ క్లార్క్ 2011 నుంచి 2017 దాకా ప్రీమియర్‌గా ఉన్నారు, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. ప్రభుత్వ జీతం కాకుండా ఆవిడకు సొంత పార్టీ ఏటా 50,000 డాలర్ల దాకా విడిగా ఇచ్చేది. పార్టీకి ఆ డబ్బు వచ్చేది చందాల నుంచే. అప్పట్లో అక్కడ ఎవరు ఎంత ఇవ్వాలన్న పరిమితే లేదు, కంపెనీలు ఇవ్వొచ్చు, యూనియన్లు ఇవ్వొచ్చు. ప్రీమియర్‌తో కలిసి కూర్చుని తినే విందులకు ఒక్కో సీటు పది వేల డాలర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా పలికింది. 2016లో దీని మీద ఫిర్యాదు వెళ్తే, ఇట్లాంటివి చూడటానికే నియమించిన కమిషనర్ పాల్ ఫ్రేజర్ ఇది చట్టాన్ని మీరడం కాదని తేల్చారు. అయినా జనం నోళ్లు మూతపడలేదు, 2017 జనవరిలో ఆ డబ్బు ఇక తీసుకోనని ఆవిడే చెప్పారు. అదే ఏడు ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చినవాళ్లు కంపెనీల చందాలు, యూనియన్ల చందాలు మొత్తానికే బంద్ చేసి, మనిషికి ఏడాదికి 1,200 డాలర్లు మించొద్దని చట్టం చేశారు. ఇంకోవైపు క్యూబెక్ అనే ఇంకో కెనడా రాష్ట్రంలో ఝాన్ షారే అనే ప్రీమియర్‌కు కూడా పార్టీ ఏటా 75,000 డాలర్లు ఇస్తున్నట్టు 2008లో బయటపడింది.

చూశారా, చట్టం తప్పు కాదంది, ఆమె మాత్రం మానేశారు. చట్టానికి దొరకని తప్పు ఇందులో ఏదో ఉందన్న మాటే కదా?

అదేంటో మన గల్లీ వినాయకుడి చందాలతో చెప్తా, మీకు తొందరగా ఎక్కుతుంది. ప్రతి ఏడూ యూత్ పిల్లలు రసీదు బుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, నూట పదహార్లు, ఐదొందల పదహార్లు రాయించుకుంటారు, చివర్న లడ్డూ వేలం. వాళ్లలో ముందుండి నడిపించే పిల్లోడు ఒకడుంటాడు. నెల రోజులు బండి మీద తిరిగాడు, షాపు మూసుకున్నాడు. లెక్క చెప్పే రోజున 'నాకు పెట్రోలుకూ ఖర్చులకూ ఐదు వేలు తీసుకుంటున్నా' అని అందరి ముందు అన్నాడనుకోండి, ఎవరూ ఏమనరు. నేనైతే ఇంకో వెయ్యి కలిపి ఇయ్యమంటా. ఇప్పుడు ఇంకో సంగతి చేర్చండి: ఆ పిల్లోడే వార్డు కౌన్సిలర్ కూడా. రసీదు బుక్కులో అన్నిటికన్నా పెద్ద మొత్తం యాభై వేలు, రాయించింది ఒక బిల్డరు, ఆయన ఐదంతస్తుల బిల్డింగు పర్మిషన్ మున్సిపాలిటీలో నడుస్తోంది. బిల్డరు ఆ పిల్లోడికి పైసా ఇవ్వలేదు, దేవుడికిచ్చాడు. పిల్లోడు బిల్డరు దగ్గర పైసా తీసుకోలేదు, కమిటీ దగ్గర తీసుకున్నాడు. రెండూ నిజాలే. కానీ డబ్బు డబ్బాలో పడ్డాక దాని పేరు చెరిగిపోతుంది, ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మాత్రం గుర్తుంటుంది, మిగతా గల్లీకే కనిపించదు. రెవెన్యూ ఆఫీసులో పని చేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే, లంచం అనే మాట ఎవరి నోట్లోంచీ రాదు, గుడికి అంటారు, స్కూలుకు బెంచీలు అంటారు, పిల్ల పెళ్లికి చదివింపులు అంటారు.

పైగా మన ఇళ్లల్లో మీకు నేర్పిందేంటి, ఎవరి ఉప్పు తిన్నామో వాళ్లను మరవొద్దని. నేనూ నేర్పాను, మీ నాయనలకు నేర్పాను. అది మంచి గుణమే, సందేహం లేదు. కానీ ఒక సంతకంతో ఎవరికో గనీ ఎవరికో భూమీ ఇవ్వగలిగే కుర్చీలో కూర్చున్న మనిషికి ఆ మంచి గుణమే చేటు తెస్తుంది. దొంగకు ఈ టెన్షన్ లేదు, వాడు తిని మర్చిపోతాడు. మర్యాదస్థుడే మొహమాటపడతాడు. అందుకే ముఖ్యమంత్రి అయినా, మంత్రి అయినా ఒక్క ఇంటి ఉప్పే తినాలి, అది జనం ఉప్పు. మన రాజ్యాంగంలో 164వ అధికరణం మంత్రుల జీతాలనూ, 195వ అధికరణం ఎమ్మెల్యేల జీతాలనూ శాసనసభ చట్టం చేసి నిర్ణయించాలంటుంది, అంటే నలుగురి ముందు, లెక్క రాసి. తెలంగాణలో 2016లో ఎమ్మెల్యేలకు జీతం, నియోజకవర్గ భత్యం కలిపి నెలకు దాదాపు రెండున్నర లక్షలు చేశారు. ఎక్కువన్నవాళ్లు అన్నారు, తిట్టినవాళ్లు తిట్టారు. తిట్టగలిగారు చూడండి, ఎంతో తెలిసింది కాబట్టే. పార్టీ ఇచ్చేది ఎంతో తెలియకపోతే తిట్టడానికి కూడా ఉండదు.

పెద్ద మనవరాలి మాటను నేను కొట్టిపారేయను. పార్టీ పని కూడా పనే. పొద్దున లేస్తే ఊళ్లు తిరిగేవాడికి ఇల్లు గడవాలంటే ఎవరో ఒకరు ఇవ్వాలి, లేకపోతే ఉన్నోళ్లే లీడర్లవుతారు. మన జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. కమ్యూనిస్టు పార్టీల్లో హోల్‌టైమర్లు, అంటే వేరే పని లేకుండా పార్టీ పనే చేసేవాళ్లు, ఉండేవాళ్లు, పార్టీ నెలకింతని ఇచ్చేది, అదీ అరకొరే. ఆ డబ్బు ఎట్లా వచ్చేదో నేను కళ్లారా చూశాను. మీటింగు అయిపోతుండగా నలుగురు కుర్రాళ్లు ఎర్ర గుడ్డను నాలుగు కొసలా పట్టుకుని జనంలోంచి నడిచేవాళ్లు, పావలాలు, అర్ధ రూపాయలు, ఎప్పుడో ఒక పది నోటు, అన్నీ అందులో పడేవి. ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, పావలా వేసినవాడు పట్టా అడగడు కదా.

అక్కడ ఇంకో వింత ఉంది. జీతం అటు నుంచి ఇటు రావడం కాదు, ఇటు నుంచి అటు పోయేది. ఆ పార్టీల తరఫున గెలిచినవాళ్లు ప్రభుత్వమిచ్చిన జీతాన్ని పార్టీకి అప్పజెప్పి, పార్టీ ఇచ్చిన దానితో బతికేవాళ్లు. నకిరేకల్ నుంచి ఆరుసార్లు గెలిచిన నర్రా రాఘవరెడ్డి గారు ఆ తరం మనిషే. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించి మీ నాయనలకు చెప్పాను, మీకు కూడా చెప్పే ఉంటా. దాన్ని మరీ నెత్తికెత్తుకోమని కూడా అనను. జీతం పార్టీ చేతిలో ఉంటే గెలిచిన మనిషి ఓటేసినవాళ్లకన్నా పార్టీకే భయపడతాడన్న విమర్శ ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ అక్కడ దాచింది లేదు, పెద్ద చెయ్యి వెనక లేదు.

ఇక మన దగ్గర చట్టం సంగతి. పార్టీ తన నాయకుడికి జీతం ఇవ్వకూడదని నాకు తెలిసిన ఏ చట్టమూ చెప్పదు. లాభదాయక పదవి అని, అంటే సభ్యుడిగా ఉంటూ ఆదాయమొచ్చే ఇంకో పదవి పట్టుకుంటే సభ్యత్వం పోతుందన్న నియమం, పేపర్లలో చదువుతుంటారే, 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సభ్యత్వం పోయింది దాని వల్లే, అది ప్రభుత్వం కింద ఉండే పదవులకే వర్తిస్తుంది, పార్టీ పదవికి కాదు. మంత్రుల ప్రవర్తనా నియమావళిలో మాత్రం ఒక మంచి మాట ఉంది: మంత్రి ఏ పనికైనా సరే చందాలు స్వయంగా పుచ్చుకోకూడదు, పార్టీకని ఎవరైనా చెక్కు చేతికిస్తే వెంటనే పార్టీకి చేర్చాలి. మరి పార్టీ అదే డబ్బును జీతమని తిప్పి ఆ మంత్రికే ఇస్తే? నియమం ముందు తలుపు దగ్గరే ఆగిపోయింది, వెనుక తలుపు తెరిచే ఉంది.

ఒక్కటి మాత్రం మీరు గట్టిగా పట్టుకోండి, నా ఆఫీసు బుద్ధి కాబట్టి నాకు ముందు ఇదే కనిపిస్తుంది. నిబంధనలు పాటించిన పార్టీ తన ఆదాయం మీద పన్ను కట్టక్కర్లేదు, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 13ఎ సెక్షన్ ఆ మినహాయింపు ఇచ్చింది. పాత పద్ధతిలో పన్ను కట్టేవాడైతే, చెక్కు రూపంలో చందా ఇచ్చినవాడికీ పన్ను మినహాయింపే. మీ కెనడాలో కూడా రాజకీయ చందాకు పన్నులో రాయితీ ఉంది. అంటే పార్టీకి చందాగా వెళ్లే ప్రతి పది రూపాయల్లో కొంత మీ నాయన కట్టిన పన్నులోంచి పోయినట్టే. 'మా పార్టీ డబ్బు, మా ఇష్టం' అనడానికి అందుకే వీల్లేదు.

నిజం చెప్పాలంటే మన దగ్గర నెలజీతం గొడవే రాదు. మన లీడర్లకు పార్టీ జీతం ఇవ్వడం దేనికి, కారు పార్టీది, డీజిల్ పార్టీది, హెలికాప్టర్ పార్టీది, వెంట తిరిగే పాతికమందికి బిర్యానీ ఎవరిదో. ఆ కెనడా ఆవిడది ఎంతైనా ఒక అంకె, 50,000. మన దగ్గర అంకె దొరకదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని పరిమితి ఉంది, కానీ పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. 2022 నవంబర్ 3న మునుగోడు ఉప ఎన్నిక జరిగినప్పుడు ఆ 40 లక్షల మాట చౌటుప్పల్‌లో ఏ టీ కొట్టు దగ్గర ఎత్తినా నవ్వారు. 2018లో వచ్చిన ఎలక్టోరల్ బాండ్లయితే మరీ, కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకు తెలియకుండా ఇచ్చే ఏర్పాటు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది, ఆ తర్వాత నెలలోనే ఎన్నికల సంఘం పేర్లు బయటపెట్టింది. ఆ జాబితాను నేను కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని చదివాను. మీ నానమ్మ తిట్టింది.

ఇదంతా చదివి రాజకీయాల్లో డబ్బంటేనే పాపమనుకునేరు. 1996లో మన నల్గొండ పార్లమెంటు సీటుకు 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ కాగితం కాదది, పుస్తకం, మడిచి డబ్బాలో వేయడానికి ముసలోళ్లు తంటాలు పడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్ల బాధ ఢిల్లీకి తెలియాలని వేసిన నామినేషన్లు అవి. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. ఆ ఐదొందలు కూలోళ్ల ఊళ్లల్లో తలా ఇంత వేసుకుంటే పోగయ్యేవి. అవీ రాజకీయ చందాలే, వాటికీ కోరిక ఉంది, కానీ ఆ కోరికను గోడల మీద రాశారు: నీళ్లు కావాలి. ఆ ఎన్నికలో గెలిచింది కమ్యూనిస్టు నాయకుడు ధర్మభిక్షం గారు. ఆ తర్వాత డిపాజిట్‌ను 10,000 చేశారు, ఇప్పుడది 25,000. పేదోళ్ల చందాకు అడ్డం కట్టడానికి చూపించిన హుషారు పెద్ద చందాలకు ఎప్పుడూ చూపించలేదని నాకు ఇప్పటికీ కోపం.

కాబట్టి ప్రాజెక్టులో నా మాట రాసుకోవాలంటే ఇట్లా రాయి బిడ్డా. పదవిలో లేని పార్టీ మనిషికి పార్టీ జీతం ఇస్తే తప్పు లేదు, ఎంతిచ్చారో చెప్పాలి అంతే. ముఖ్యమంత్రికో మంత్రికో ఇస్తే తప్పే, చెప్పి ఇచ్చినా తప్పే. ప్రతిపక్ష నాయకుడి దగ్గర నాకే కొంచెం తికమక. వాళ్ల చేతిలో సంతకం లేదు, కానీ రేపు రావచ్చు, చందా ఇచ్చేవాళ్లు ఆ రేపటి కోసమే ఇస్తారు. మన దగ్గర ప్రతిపక్ష నాయకుడికి మంత్రితో సమానమైన హోదా, జీతం ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి ఆయనకు కూడా అవసరం లేదంటాను. నువ్వు ఒప్పుకోకపోతే ఒప్పుకోలేదనే రాయి, మీ టీచరు అదే మెచ్చుకుంటుందేమో.

చిన్నోడి కొడుకుకు ఒక పని. మన ఎమ్మెల్యే ఎన్నికల అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉంటుంది, దింపుకో. అందులో ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో అభ్యర్థిదీ, భార్య లేదా భర్తదీ విడివిడిగా రాయాలి, 2018లో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచీ. అక్కడ వ్యవసాయం అని రాసి ఉంటే ఎన్ని ఎకరాలో కూడా చూడు, ఆ ఆదాయాన్ని ఎకరాలతో భాగించి, మన దిక్కు ఎకరానికి పత్తి మీద ఎంత మిగులుతుందో మీ నాయనను అడుగు. లెక్క కుదరకపోతే నాకు ఫోన్ చెయ్యి.

పెద్దోడికి చెప్పండి, కందిపప్పు, పచ్చడి పార్సిల్ వచ్చే వారం పంపిస్తున్నా.

మీ తాత,
నల్గొండ