‘ఏర్పాటు’ వివాదం: 1610లో తెరిచి ఉంచిన ప్రశ్న

ఒకసారి రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకోగలడా? రక్షణ పొందేవారిని దేవుడు ముందే ఎన్నుకున్నాడన్న ‘ఏర్పాటు’ బోధ చుట్టూ తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఈ ప్రశ్న మళ్లీ రాజుకుంది. ఒక పక్షం రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం తెరిచి ‘ఎవరిని ముందుగా నిర్ణయించెనో వారిని పిలిచెను’ అని చదువుతుంది. మరో పక్షం తిమోతి పత్రిక తెరిచి, మనుషులందరూ రక్షణ పొందాలన్నదే దేవుని ఇచ్ఛ అని చూపిస్తుంది. గంటల తరబడి సాగే వీడియో చర్చల్లో మొదటి పక్షానికి తగిలించే ‘కాల్వినిస్టు’, రెండో పక్షానికి తగిలించే ‘అర్మీనియన్’ అన్న మాటలు తిట్లుగా మారిపోయాయి. ఒకే బల్ల దగ్గర ప్రభువు రాత్రి భోజనంలో పాలుపొందినవాళ్లు ఒకరినొకరు దుర్బోధకులని పిలుచుకుంటుంటే చూడడం కష్టంగా ఉంది.

ఈ వివాదానికి నేపథ్యం రాసేవారు సాధారణంగా అగస్టీన్, పెలాగియస్‌లతో మొదలుపెట్టి లూథర్, ఎరాస్మస్‌ల మీదుగా 16వ శతాబ్దపు జెనీవా సంస్కర్త కాల్విన్ దగ్గరికి వస్తారు. ఆ దారి పాఠకులకు తెలిసిందే. ఇవాళ మన ముందున్న తగవుకు ఈ రూపం వచ్చింది మాత్రం 1610 నుంచి 1619 వరకు, తొమ్మిదేళ్లలో, డచ్ దేశంలో. అయిదు అంశాల లెక్క అక్కడ పుట్టిందే. రెండు పక్షాలుగా చీలడమూ అక్కడే జరిగింది. ఒక పక్షానికి ఎవరి పేరు పెట్టారో ఆ అర్మీనియస్ దీన్నేమీ చూడలేదు. 1609 అక్టోబరులోనే కన్నుమూశాడు.

అర్మీనియస్ కాల్విన్ సంప్రదాయానికి బయటివాడు కాడు. స్పెయిన్ సైన్యం 1575లో అతని సొంత ఊరు ఔడెవాటర్‌పై పడి జనాన్ని ఊచకోత కోసినప్పుడు తల్లినీ తోబుట్టువులనూ పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత జెనీవాలో, కాల్విన్ వారసుడు బేజా దగ్గరే చదువుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పదిహేనేళ్లు సంఘ కాపరిగా పనిచేసి, 1603లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. సహ ఆచార్యుడు గోమారస్‌తో అక్కడ తగవు వచ్చింది. కొందరు రక్షణకూ కొందరు నాశనానికీ పుట్టకముందే, విశ్వాసంతో గానీ పాపంతో గానీ నిమిత్తం లేకుండా నిర్ణయమైపోయారంటే, పాపానికి కర్త దేవుడే కావలసి వస్తుందని అర్మీనియస్ భయం. 1608 అక్టోబరులో హేగ్ నగరంలో హాలండ్ రాష్ట్ర సభ ముందు నిలబడి ఈ మాటే వివరంగా చెప్పాడు. ఏడాదికి పోయాడు.

అతని అనుయాయులు, నలభైమందికి పైగా కాపరులు, 1610లో ఒక విన్నపపత్రం రాశారు. యుటెన్‌బోఖార్ట్ దాని ముసాయిదా రాశాడు. విన్నపానికి ఉన్న లాటిన్ మాటను బట్టే వారికి రిమాన్‌స్ట్రంట్లని పేరు వచ్చింది. ఈ పత్రాన్ని నేరుగా చదివినవారు తక్కువ, దాని పేరు మీద పోట్లాడేవారు ఎక్కువ. అందుకే కాస్త ఆగి అందులో ఏముందో చూడాలి.

క్రీస్తునందు విశ్వాసముంచి, ఆ విశ్వాసంలో కడవరకూ నిలిచేవారిని రక్షించాలన్నదే జగత్తు పునాదికి ముందు దేవుడు చేసిన నిర్ణయమని మొదటి అంశం. క్రీస్తు అందరి కోసం మరణించాడు, అయితే విశ్వసించినవారే ఆ క్షమాపణను అనుభవిస్తారని రెండోది. మూడో అంశం దగ్గర ఇవాళ్టి వాదులిద్దరూ ఆశ్చర్యపోవాలి. మనిషికి రక్షించే విశ్వాసం తనంతట తనకు లేదు, తన స్వేచ్ఛాచిత్తం బలంతో రాదు, పరిశుద్ధాత్మ ద్వారా తిరిగి జన్మిస్తే తప్ప నిజమైన మేలు ఏదీ తలచనూ లేడు, చేయనూ లేడు అని ఉంది అందులో. రుజువుగా ‘నాకు వేరుగా ఉండి మీరేమియు చేయలేరు’ అన్న యేసు మాటే ఇచ్చారు. ‘స్వేచ్ఛాచిత్తంవారు’ అని ముద్ర పడినవాళ్లు రాసిన వాక్యాలివి. నాలుగో అంశంలోనే అసలు తేడా. ఆరంభం, కొనసాగింపు, ముగింపు అంతా కృపే, అయినా ఆ కృప ఎదిరించడానికి వీల్లేనిది కాదు అన్నారు. అపొస్తలుల కార్యములు ఏడో అధ్యాయంలో పరిశుద్ధాత్మను ఎదిరించినవారి ప్రస్తావన ఉంది కదా అని చూపించారు.

ఇక అయిదోది. నిజ విశ్వాసి నిర్లక్ష్యం వల్ల కృప నుంచి పూర్తిగా తొలగిపోగలడా? పత్రం ‘తొలగిపోగలడు’ అనలేదు, ‘తొలగిపోలేడు’ అనీ అనలేదు. నిశ్చయంగా బోధించే ముందు పరిశుద్ధ లేఖనాల్లో మరింత శ్రద్ధగా వెదకాలి అంది. విశ్వాస ప్రమాణాలు కత్తిలా రాసే ఆ రోజుల్లో ఇలాంటి వాక్యం రాయడానికి ధైర్యం కావాలి. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం ఇదే.

ఎదుటి పక్షం 1611లో ఏడు అంశాలతో జవాబిచ్చింది. దేవుడు ముందే చూసిన విశ్వాసాన్ని బట్టి ఎన్నుకుంటే రక్షణ చివరికి మనిషి చేతిలో పడుతుందనీ, బలహీనుడికి ధైర్యం చెప్పడానికి ఏమీ మిగలదనీ వారి ఆందోళన. అది చిన్న ఆందోళన కాదు.

ఇంతవరకూ ఇది కాపరుల మధ్య తగవు. రాజ్యం చేయి పెట్టడంతో స్వరూపం మారింది, మొదట చేయి పెట్టింది రిమాన్‌స్ట్రంట్ల వైపువాళ్లే. హాలండ్‌ను నడిపిస్తున్న ఓల్డెన్‌బార్నెవెల్ట్ వారికి అండ. కొన్ని ఊళ్లలో ఎదుటి పక్షానికి ప్రసంగ వేదిక దొరకలేదు. హేగ్‌లోని ఆ పక్షపు విశ్వాసులు తమ బోధ వినడానికి బురదలో నడుచుకుంటూ పక్కనున్న రైస్‌వైక్ గ్రామానికి వెళ్లేవారు. వారిని ‘బురద బిచ్చగాళ్లు’ అని ఎగతాళి చేశారు. ఆ అవమానం చరిత్రలో లెక్కకు రావాలి. 1617 ఆగస్టులో, అల్లర్లను అణచడానికి నగరాలు సొంతంగా కిరాయి సైనికులను పెట్టుకోవచ్చని ఓల్డెన్‌బార్నెవెల్ట్ హాలండ్ సభ చేత తీర్మానం చేయించాడు. దేశ సేనాపతి, ఆరెంజ్ వంశపు మారిస్, అప్పటికే బహిరంగంగా ఎదుటి పక్షం ఆరాధనకు వెళ్లి కూర్చున్నాడు. మరుసటి ఏడాది అతను ఆ కిరాయి దళాలను రద్దుచేసి, ఆగస్టు 29న ఓల్డెన్‌బార్నెవెల్ట్‌నూ న్యాయశాస్త్రవేత్త గ్రోషియస్‌నూ నిర్బంధించాడు.

డోర్డ్రెక్ట్ నగరంలో మహాసభ మొదలైంది ఆ తర్వాతే, 1618 నవంబరు 13న. అంటే తీర్పు చెప్పే సభ కూర్చునేసరికే ఒక పక్షం పెద్దలు చెరసాలలో ఉన్నారు. ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, జర్మన్ రాజ్యాల నుంచి ప్రతినిధులు వచ్చారు. ఫ్రాన్స్ రాజు తన దేశపు కాపరులను కదలనివ్వలేదు కాబట్టి వారి కోసం వేసిన బల్ల ఖాళీగానే ఉంచారు. ఆనాటి చిత్రాల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది. ఎపిస్కోపియస్ నాయకత్వంలో వచ్చిన రిమాన్‌స్ట్రంట్లకు సభ్యులుగా స్థానం లేదు, సంజాయిషీ చెప్పుకోవలసినవారిగానే పిలిచారు. విచారణ ఏ వరుసలో సాగాలన్న దాని మీదే వారాలు గడిచాయి. వారు కావాలనే జాప్యం చేస్తున్నారని సభ విసిగింది. 1619 జనవరి 14న అధ్యక్షుడు బోగెర్మన్ కోపంతో ‘వెళ్లండి, వెళ్లండి’ అని వారిని బయటికి పంపేశాడు. తర్వాతి తీర్పంతా వారి రాతల్ని బట్టే జరిగింది.

తీర్పు గ్రంథంలో అధ్యాయాల కూర్పు చూస్తే చాలా అర్థమవుతుంది. మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం, ఆ తర్వాత ‘మూడు, నాలుగు’ కలిపి ఒకటే అధ్యాయం, చివరికి అయిదు. ఎందుకు కలిపారు? మనిషి అశక్తత గురించి రిమాన్‌స్ట్రంట్లు రాసిన మూడో అంశాన్ని విడిగా తీసుకుంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు. నాలుగో అంశంతో జోడించి చదివితేనే తప్పు పట్టవచ్చు. ‘అర్మీనియన్ అంటే స్వబలాన్ని నమ్మేవాడు’ అని ఇవాళ ధీమాగా చెప్పేవారు ఈ కూర్పును ఒక్కసారి చూడాలి.

డోర్ట్ (డోర్డ్రెక్ట్ సభ) తీర్మానాలు కూడా వాటి పేరు మీద నడుస్తున్న ప్రచారమంత కరకుగా లేవు. క్రీస్తు మరణం లోకమంతటి పాపాలకూ సమృద్ధిగా చాలుతుందని రెండో అధ్యాయం ఒప్పుకుంటుంది. సువార్తను వివక్ష లేకుండా అందరికీ ప్రకటించాలంటుంది. కృప మనుషుల్ని మొద్దుల్లాగా రాళ్లలాగా చూడదు, చిత్తాన్ని రద్దు చేయదు అని కూడా రాశారు. వీటన్నిటినీ ట్యులిప్ (TULIP) అనే పువ్వు పేరులోని అయిదు ఇంగ్లీషు అక్షరాల్లోకి కుదించింది 20వ శతాబ్దం. డచ్‌లో ఆ పువ్వు పేరుకు నాలుగే అక్షరాలు.

తీర్మానాలను మే 6న నగరంలోని పెద్ద చర్చిలో చదివి వినిపించారు. మే 13న హేగ్‌లో 71 ఏళ్ల ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల నరికారు. మోపిన నేరం రాజద్రోహం, దుర్బోధ కాదు. రెండింటికీ మధ్య వారం రోజులే. సుమారు 200 మంది కాపరులు పదవులు పోగొట్టుకున్నారు, లొంగనివారిలో పలువురిని దేశం వెళ్లగొట్టారు. గ్రోషియస్‌కు యావజ్జీవం పడింది. 1621లో పుస్తకాల పెట్టెలో దాక్కుని బయటపడ్డాడు.

అయిదో అంశం సంగతి చెప్పాలి. 1618 డిసెంబరులో సభ ముందు తమ అభిప్రాయాలు రాసిచ్చినప్పుడు, నిజ విశ్వాసి పడిపోగలడని రిమాన్‌స్ట్రంట్లు తేల్చేశారు. ఎనిమిదేళ్ల కిందట ‘ఇంకా వెదకాలి’ అన్నది వాళ్లే. కడవరకూ పడిపోడని సభ అటువైపు తేల్చేసింది. తెరిచి ఉన్న ప్రశ్నను ఇద్దరూ చెరో పక్క నుంచి మూసేశారు. అప్పటి నుంచి ఒక పక్షంలో పుట్టినవాడికి జవాబు ముందే ఉంటుంది. ఇవాళ ఫోన్లలో మనం వింటున్నది ఆ మూసేసిన జవాబుల్నే అని నా నమ్మకం.

తెలుగు నేలకు సువార్త ఏ దారుల్లో వచ్చిందో చూస్తే మరోలా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు వెస్లీ 1739లో ముందస్తు నిర్ణయానికి వ్యతిరేకంగా ఘాటుగా ప్రసంగించాడు. మిత్రుడు వైట్‌ఫీల్డ్ అంతే ఘాటుగా జవాబు రాశాడు. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోతే లండన్‌లో స్మారక ప్రసంగం చేసింది వెస్లీయే. ఆంగ్లికన్ల (ఇంగ్లండ్ సంఘం) విశ్వాస ప్రమాణమైన 39 అంశాల్లో పదిహేడోది ఏర్పాటు గురించే. అమెరికా మెథడిస్టుల కోసం 1784లో ఆ అంశాలను కుదించినప్పుడు వెస్లీ దాన్ని తీసేశాడు. మెదక్‌లో పనిచేసింది వెస్లీ వారసులు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు, కడప ప్రాంతంలో లండన్ మిషన్‌వారు. 1947లో ఈ మూడు ధారలూ దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. లేఖనాలూ, ప్రాచీన విశ్వాస ప్రమాణాలూ చాలన్నారు. ఏర్పాటు విషయంలో ఏకాభిప్రాయం షరతుగా పెట్టలేదు.

బాప్టిస్టుల దారి వేరు. నెల్లూరు, ఒంగోలు మిషన్‌ను పంపింది అమెరికా బాప్టిస్టులు. వారిలో, ముఖ్యంగా ఉత్తర ప్రాంతంలో, విస్తృతంగా చెల్లిన 1833 నాటి న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రమాణం, ఏర్పాటు అనేది దేవుని నిత్య సంకల్పమని చెప్పి, అదే అంశంలో అది మనిషి స్వేచ్ఛతో పూర్తిగా పొసగుతుందని కూడా అంటుంది. ఎలా పొసగుతుందో చెప్పదు. ఆ ప్రమాణం వెలువడిన మూడేళ్లకు తొలి మిషనరీ శామ్యూల్ డే మన దేశానికి వచ్చాడు. 1878 జూలై 3న, కరువు ఇంకా పూర్తిగా తీరని రోజుల్లో, గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇప్పుడు వాదిస్తున్న కుటుంబాల్లో చాలావాటికి ఆ నది ఒడ్డు నుంచే లెక్క మొదలవుతుంది.