ఉపయుక్త గ్రంథసూచి: పరిశోధక విద్యార్థుల అపోహలు, వాస్తవాలు

తెలుగు సిద్ధాంత గ్రంథం (థీసిస్) చేతికి వచ్చినప్పుడు నేను మొదట తెరిచేది గ్రంథసూచి ఉన్న చివరి పుటలనే. ఆధారాలు రాసిన తీరు చూస్తే, పరిశోధకులు ఏ పుస్తకాలను స్వయంగా తెరిచి చదివారో, వేటి పేర్లను ఇతరుల పట్టికల నుంచి ఎత్తి రాసుకున్నారో చాలావరకు తెలిసిపోతుంది. మంచి పరిశోధన చేసినవారు కూడా ఈ పుటల దగ్గర అశ్రద్ధ చేయడం బాధ కలిగిస్తుంది. ఆ అశ్రద్ధకు మూలమైన కొన్ని అపోహలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: గ్రంథసూచి ఎంత పొడవుగా ఉంటే పరిశోధన అంత గొప్పది.

సూచిలో చేరిన ప్రతి పేరుకూ వ్యాసంలో ఒక పని ఉండాలి. ఆధారాలు చూపడానికి వాడే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో, వ్యాసంలో ప్రస్తావించిన ఆధారాలనే చివరి పట్టికలో చేర్చాలి. అలాంటిదే మరొకటైన షికాగో పద్ధతిలో, సంప్రదించిన ఇతర గ్రంథాలనూ చేర్చే వీలుంది. ఏ పద్ధతి పాటించినా, చదవని పుస్తకాన్ని చదివినట్టు చూపడానికి అందులో చోటు లేదు. ఒక మాటను మరొకరి గ్రంథంలో ఉల్లేఖించగా చూసి ఉంటే, ఆ సంగతి చెప్పి, మీరు నిజంగా చూసిన గ్రంథాన్నే సూచిలో ఇవ్వాలి.

అపోహ: రచయిత పేరు, పుస్తకం పేరు ఉంటే చాలు, ఏ ముద్రణ అయినా ఒకటే.

తెలుగు సాహిత్య పరిశోధనకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అయిదంకాల నాటకంగా అచ్చయింది. 1909లో ఆయన దాన్ని విస్తృతంగా తిరగరాసి ఏడంకాలుగా ప్రకటించారు. మనలో ఎక్కువమంది చదివినది, రంగస్థలం మీద చూసినది ఆ రెండో కూర్పునే. ఇప్పటి ప్రతిలోని సంభాషణను ఉల్లేఖించి పక్కన '1897' అని వేస్తే, చదివేవారు మొదటి కూర్పులో దాన్ని వెతుక్కుని నిరాశ పడతారు. పైగా పన్నెండేళ్ల వ్యవధిలో రచయితలో వచ్చిన మార్పు గురించి మీరు చేసే వాదన మొత్తం తలకిందులు కావచ్చు. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు విషయమూ ఇంతే. 1852 నాటి మొదటి ముద్రణకూ, ఇతరులు సంస్కరించగా 1903లో వెలువడిన కూర్పుకూ తేడా ఉంది కాబట్టి, 1903 ప్రతిలో కనిపించే ప్రతి అర్థాన్నీ బ్రౌన్‌కే ఆపాదించడం సరికాదు.

మన ప్రచురణకర్తలు 'ద్వితీయ ముద్రణ' అన్నంత మాత్రాన అది సవరించిన కూర్పో, ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చువేసినదో తెలియదు. రచయిత పీఠిక చదివి తేల్చుకోవాలి. పాత పుస్తకాలలో క్రీస్తు శకం లేకుండా తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే మరింత జాగ్రత్త అవసరం. క్రోధి 1904లోనూ, 1964లోనూ, 2024లోనూ వచ్చింది. పైగా ఉగాది నుంచి ఉగాది వరకు నడిచే ఆ ఏడాది రెండు ఇంగ్లిష్ సంవత్సరాలలో పడుతుంది. అందుచేత 'క్రోధి (1904-05)' అని రాయడం సురక్షితం. ఇంటర్నెట్‌లో దొరికే స్కాన్ ప్రతుల విషయంలో ఫైలు పేరులోని సంవత్సరాన్ని నమ్మకుండా ముఖపత్రాన్ని చూడాలి.

అపోహ: పేరులోని చివరి మాటే ఇంటిపేరు, దాన్నే ముందు రాయాలి.

ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాసే మనవాళ్లు గురజాడ వెంకట అప్పారావును 'రావు, జి. వి. ఎ.' అని మార్చడం చూస్తుంటాం. 'అప్పారావు' ఒకే పేరు, 'గురజాడ' ఇంటిపేరు. ఆయనను 'గ' కింద చేర్చాలి తప్ప 'ర' కింద కాదు. తెలుగు సూచిలో పేరును తిరగవేయవలసిన అవసరమే లేదు, ఎందుకంటే ఇంటిపేరు సహజంగానే ముందుంటుంది. అయితే విదేశాలలో స్థిరపడిన తెలుగు రచయిత తన పేరును పాశ్చాత్య క్రమంలో అచ్చువేయించుకుంటే, ఆ పుస్తకం మీద ఉన్న క్రమాన్నే గౌరవించాలి.

అపోహ: సొంత మాటల్లో రాస్తే, లేదా ఇతరుల రచనతో పోలిక పది శాతం లోపుంటే, ఆధారం చెప్పనక్కర లేదు.

గ్రంథచౌర్యంపై యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తెచ్చిన 2018 నిబంధనలు పది శాతం వరకు ఉన్న పోలికకు శిక్ష లేదన్నాయి గానీ, అంతవరకు ఇతరుల ఆలోచనను మనదిగా చెప్పుకోవచ్చని అనలేదు. పోలికను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ పదాల వరుసను చూస్తుంది. ఆలోచన ఎవరిదో దానికి తెలియదు. మాటలు మార్చినా వాదన మరొకరిదైతే వారి పేరు చెప్పి తీరాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, శాతం పెరుగుతుందన్న భయంతో కొందరు అవసరమైన పద్యాలను, వాక్యాలను తీసేస్తున్నారు. ఆధారం చూపుతూ ఇచ్చిన ఉల్లేఖనలను, గ్రంథసూచిని ఆ లెక్క నుంచి మినహాయించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి పద్యాన్ని నిస్సంకోచంగా ఉల్లేఖించి, పుట సంఖ్య వేయండి.

అపోహ: అచ్చు పుస్తకాలకే ఆధారం చూపాలి.

తాళపత్ర ప్రతికి భాండాగారం పేరు, అక్కడి ప్రతి సంఖ్య, పత్ర సంఖ్య ఇవ్వాలి. జానపద గేయానికి పాడినవారి ఊరు, వయసు, సేకరించిన తేదీ అవసరం; పాడినవారి పేరును వారి అనుమతితోనే అచ్చువేయాలి.

అపోహ: ఈ పని యంత్రానికి అప్పగిస్తే సరిపోతుంది.

జొటెరో వంటి గ్రంథసూచి సాఫ్ట్‌వేర్ ఉపకరణాలు వివరాలను క్రమంలో పేర్చడానికి ఎంతో సాయపడతాయి, కానీ మనం తప్పు సంవత్సరం ఇస్తే ఆ తప్పునే చక్కగా పేరుస్తాయి. చాట్‌బాట్‌లతో ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే అవి లేని గ్రంథాలను కూడా పుట సంఖ్యలతో సహా సృష్టించగలవు. 2023 జూన్‌లో న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ న్యాయస్థానం, చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను తమ వాదనలో ఉదహరించిన న్యాయవాదులకు అయిదు వేల డాలర్ల జరిమానా విధించింది. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు సూచిలోని ప్రతి పుస్తకాన్నీ గ్రంథాలయ కేటలాగ్‌తో సరిపోల్చి, ఉల్లేఖించిన పుటను మరొక్కసారి తెరిచి చూడండి. ఈ పనికి కొన్ని రోజులు పడుతుంది. ఆ వ్యవధిని మొదటి నుంచే ప్రణాళికలో ఉంచుకోవాలి.