నెలనెలా ఊరికే డబ్బిస్తే ఏమవుతుంది? హామీ ఆదాయంపై అపోహలు - వాస్తవాలు

నగదు సాయం పథకాల ఫలితాలు కొలవడం నా ఉద్యోగం. ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడుగుతాను, వచ్చిన జవాబుల్ని పట్టికల్లోకి ఎక్కిస్తాను. నా పని ఏంటో తెలియగానే జనం అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఊరికే డబ్బిస్తే పేదవాళ్లు బాగుపడతారా, పాడవుతారా?" నేను చూసినంతలో ఎక్కువమంది బాగుపడిపోలేదు, పాడైపోనూ లేదు. ఆ నెల గడిచింది, అంతే. ఆ "అంతే" ఎంత పెద్దదన్నదే అసలు వాదన.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఇచ్చేది సార్వత్రిక ప్రాథమిక ఆదాయం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లను ఎంచుకుని, షరతులు పెట్టకుండా ఇచ్చేది హామీ ఆదాయం. వార్తల్లో కనబడే నగర ప్రయోగాల్లో చాలావరకు రెండో రకమే.

అపోహ: చేతికి డబ్బొస్తే తాగుడికి తగలేస్తారు

ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పపోవా 19 అధ్యయనాలను జల్లెడ పట్టారు. నగదు సాయం వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు చెప్పుకోదగ్గట్టు పెరిగిన దాఖలా దాదాపు ఎక్కడా కనబడలేదు.

కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ నగరంలో జరిగిన హామీ ఆదాయ ప్రయోగంలో ఈ ఖర్చు 1 శాతం కన్నా తక్కువ అని తరచూ చెబుతారు. ఆ అంకెను నేను పెద్దగా వాడను. అది సాయం డబ్బు వేసిన కార్డును గీసిన చోట్ల లెక్క మాత్రమే, నగదుగా తీసుకున్నది ఎటు పోయిందో అందులో తేలదు.

అసలు "ఈ డబ్బుతో ఏం కొన్నారు?" అన్న ప్రశ్నే సరైంది కాదని నాకు నేర్పింది సర్వేలో ఒకావిడ. ఫారంలో పది గడులున్నాయి, ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. ఆవిడ విసుక్కుంది. "జీతం వచ్చింది, ఇదీ వచ్చింది. అద్దె కట్టాను, చేబదులు తీర్చాను. ఏ నోటు దేంట్లోకి పోయిందో నన్నెలా చెప్పమంటారండీ?" నిజమే కదా, నోటు మీద పథకం పేరు రాసి ఉండదు. డబ్బు అందిన ఇంటి మొత్తం ఖర్చును, అందని ఇంటి మొత్తం ఖర్చుతో పోల్చాలి. ఆ రోజు నుంచి గడుల జవాబుల మీద నాకు నమ్మకం పోయింది.

అపోహ: పని మానేసి కూర్చుంటారు

ఇక్కడ రెండు వైపుల వాళ్లూ తమకు నచ్చిన ప్రయోగాన్నే పట్టుకుంటారు.

సమర్థించేవాళ్లు స్టాక్‌టన్‌ను చూపిస్తారు. 2019 ఫిబ్రవరి నుంచి 125 మందికి నెలకు 500 డాలర్ల చొప్పున రెండేళ్లు ఇచ్చారు. మొదటి ఏడాదిలో వాళ్లలో ఫుల్‌టైమ్ ఉద్యోగం ఉన్నవాళ్లు 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగారు, డబ్బు ఇవ్వని గుంపులో 32 నుంచి 37కి. బాగానే ఉంది గానీ, 125 మంది అంటే చిన్న గుంపు. పైగా రెండో ఏడాది కొవిడ్ వచ్చి పడింది.

నేను ఎక్కువగా నమ్మేది ఓపెన్‌రీసెర్చ్ సంస్థ టెక్సస్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో చేసినదాన్ని. వెయ్యి మందికి నెలకు 1,000 డాలర్లు, మరో రెండు వేల మందికి పోలిక కోసం 50 డాలర్లు, మూడేళ్ల పాటు. 2024లో ఫలితాలు బయటికొచ్చాయి. ఎక్కువ డబ్బు అందుకున్నవాళ్లు వారానికి సుమారు 1.3 గంటలు తక్కువ పనిచేశారు. ఉద్యోగంలోనో, ఉద్యోగ వేటలోనో ఉన్నవాళ్ల వాటా 2 శాతం పాయింట్లు తగ్గింది. అంటే తగ్గుదల నిజమే. వారానికి ఐదు రోజుల పని అనుకుంటే రోజుకు పావుగంట. ఆ సమయం పిల్లలకో చదువుకో పోయిందని చెప్పాలని నాకూ ఉంటుంది, కానీ ఎక్కువ భాగం విశ్రాంతికే పోయింది. అలసిపోయినవాళ్లు కాసేపు నడుం వాల్చడం నేరమేమీ కాదు. కాకపోతే దాన్ని "ఉపాధి పెరిగింది" అని రాయకూడదు.

ఫిన్లాండ్ కథ వేరు. 2017, 2018లో రెండు వేల మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఇచ్చారు, ఉద్యోగం దొరికినా ఆపలేదు. డబ్బు అందనివాళ్ల కంటే వాళ్లు ఏడాదికి సుమారు ఆరు రోజులు ఎక్కువ పనిచేశారు. మధ్యలో నిరుద్యోగ భృతి నిబంధనలు మారడంతో ఆ ఆరు రోజుల్లో ఎంత దీని పుణ్యమో విడదీయడం కష్టం.

అపోహ: డబ్బిస్తే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి

ఇది నగదు సాయాన్ని సమర్థించే మా వైపు అపోహ, అందుకే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఓపెన్‌రీసెర్చ్ అధ్యయనంలో మానసిక ఒత్తిడి మొదటి ఏడాది తగ్గింది, తర్వాత మళ్లీ మామూలే. అమెరికాలోనే మరో అధ్యయనంలో వెయ్యి మంది తక్కువ ఆదాయం ఉన్న బాలింతల్లో కొందరికి నెలకు 333 డాలర్లు, మిగతావాళ్లకు 20 డాలర్లు ఇచ్చారు. పిల్లలకు నాలుగేళ్లు వచ్చాక చూస్తే మాటలు, ప్రవర్తన, మెదడు ఎదుగుదల వంటి ప్రధాన కొలతల్లో గట్టిగా చెప్పగల తేడా లేదు. ఆ ఫలితం చదివిన రోజు మా ఆఫీసులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

అపోహ: ఎలా ఇచ్చినా ఒకటే

కెన్యాలో గివ్‌డైరెక్ట్లీ సంస్థ కొన్ని గ్రామాల్లో నెలకు సుమారు 22 డాలర్లు 12 ఏళ్ల పాటు ఇస్తానంది, కొన్నింట్లో రెండేళ్లే. ఇంకొన్నింట్లో రెండేళ్ల సొమ్మంతా ఒక్కసారే చేతిలో పెట్టింది. సొంత వ్యాపారాలు పెట్టుకోవడంలో మొత్తంగా అందుకున్నవాళ్లు, రెండేళ్లు నెలనెలా అందుకున్నవాళ్ల కంటే ముందున్నారు. 12 ఏళ్ల హామీ ఉన్నవాళ్లూ వెనకబడలేదు. ఎలాగంటే, వాళ్లు తమలో తాము చీటీలు వేసుకున్నారు! పథకం చిల్లరగా ఇస్తే, జనమే దాన్ని పెద్ద మొత్తంగా మార్చుకున్నారు. ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన ఫలితం ఇదే.

అపోహ: ధరలు పెరిగి, ఇచ్చిందంతా కొట్టుకుపోతుంది

ప్రతిచోటా అలా జరగదు. కెన్యాలోనే ఇంటికి దాదాపు 1,000 డాలర్లు పంచిన మరో అధ్యయనంలో ధరలు సగటున 0.1 శాతం పెరిగాయి. సరుకు సులభంగా వచ్చే చోట అంతే. మార్కెట్‌కు దూరంగా ఉన్న చోట మాత్రం జాగ్రత్త. ఫిలిప్పీన్స్‌లో, షరతులతో ఇచ్చే పథకమే అయినా, మారుమూల ఊళ్లలో గుడ్ల వంటి ఆహారం ధర పెరిగి సాయం అందని ఇళ్ల పిల్లల ఎదుగుదల దెబ్బతింది.

అపోహ: అదనంగా డబ్బిస్తే ఎవరైనా కాదంటారా?

అంటారు. చాలా సాయాలకు ఆదాయ పరిమితి ఉంటుంది. నెలకు కొంత నగదు చేరితే ఆ గీత దాటొచ్చు, దాటితే అద్దె సాయమో వైద్య సాయమో మొత్తంగా ఆగిపోవచ్చు. మంచి ప్రయోగాలు ముందే మినహాయింపులు తెచ్చుకుంటాయి. తెచ్చుకోనివీ ఉన్నాయి.

ఒక ఇంట్లో ఒకావిడ కాగితం, పెన్ను తెచ్చుకుని నా ఎదుటే లెక్క వేసింది. ఒక వరుసలో మేమిచ్చేది, పక్కన పోయేవి. పథకం ముగిశాక పోయిన అద్దె సాయానికి మళ్లీ దరఖాస్తు పెట్టి ఎన్నాళ్లు ఎదురుచూడాలో నన్నడిగింది. నాకు తెలియదన్నాను. "అయితే వద్దులెండి" అని కాగితం మడిచి పెట్టుకుంది. మా ఫారంలో ఇలాంటివాళ్లకు వేరే కోడ్ లేదు. "ఆసక్తి లేదు" అన్న గడిలో టిక్కు పెట్టి వచ్చాను.