రాసిన తీరు గుర్తుండిపోయే థ్రిల్లర్లు ఎలా దొరుకుతాయి? కొన్ని అపోహలు - వాస్తవాలు

క్రైమ్, మిస్టరీ నవలలు ఎడిట్ చేయడం నా పని. "కథే కాదు, రాసిన తీరు కూడా బాగుండే థ్రిల్లర్ ఏదైనా చెప్పండి" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అలాంటివి బోలెడు ఉన్నాయి, కానీ వెతికే చోటే తేడా వస్తోంది.

అపోహ: థ్రిల్లర్‌కి కథ చాలు, శైలితో పనేముంది?

వాస్తవం: టెన్షన్ పుట్టేదే వాక్యంలో. రూత్ రెండెల్ 1977లో రాసిన 'ఎ జడ్జ్‌మెంట్ ఇన్ స్టోన్' చూడండి, ఎవరు ఎవరిని చంపారో, ఎందుకు చంపారో మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది. ఇక దాచడానికేం లేదు. అయినా పుస్తకం పక్కన పెట్టలేం, ఎందుకంటే హత్య జరగబోయే ఆ ఇంట్లో ప్రతి మామూలు విషయమూ చావు వైపు ఒక అడుగని మనకు తెలుసు, ఆ ఇంటివాళ్లకు తెలియదు. ట్విస్ట్ మీద ఆధారపడిన పుస్తకం ఈ పని చేయలేదు.

అపోహ: శైలి అంటే వర్ణనలు, ఉపమానాలు, పెద్ద పెద్ద మాటలు.

వాస్తవం: ఈ అపోహ వల్లే మంచి పుస్తకాలు చేజారిపోతాయి. క్రైమ్ నవలలు రాసిన జార్జ్ సిమెనాన్ కావాలనే చిన్న మాటలతో రాశాడు, 'సాహిత్యం' అనిపించే వాక్యం కనిపిస్తే కొట్టేసేవాడు. అమెరికన్ రచయిత డాషియల్ హామెట్ 1930 నాటి నవల 'ది మాల్టీస్ ఫాల్కన్'లో డిటెక్టివ్ స్పేడ్ మనసులో ఏముందో ఎక్కడా చెప్పడు. పార్ట్‌నర్ చనిపోయాడని రాత్రివేళ ఫోన్ వస్తుంది. బాధపడ్డాడా? ఆ మాటే ఉండదు, స్పేడ్ సిగరెట్ చుట్టుకోవడం మాత్రం వేళ్ల కదలికతో సహా ఉంటుంది. అదీ శైలే, నా దృష్టిలో చాలా గొప్ప శైలి.

అపోహ: రేటింగ్, వెనక అట్ట మీది మాటలు చూస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: అవి రెండూ కథ గురించే చెబుతాయి. సమీక్షల్లో పుస్తకంలోని వాక్యాలను ఎత్తి రాసినవి వెతకండి, చదివినవాళ్లకు ఒక వాక్యం పంచుకోవాలనిపించిందంటే అందులో విషయం ఉన్నట్టే. తర్వాత శాంపిల్ చదవండి. మొదటి పేజీని మాత్రం నమ్మకండి, అందరం ఎక్కువగా చెక్కేది దాన్నే. మధ్యలో ఏమీ జరగని పేజీ తీయండి, ఎవరో ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తుంటారు, లేదా పోలీసులు సాక్షిని ఏవో మామూలు ప్రశ్నలు అడుగుతుంటారు. "అతనికి భయమేసింది" అని రాసి ముందుకెళ్లే రచయిత ఉంటాడు. "తాళం వేశాడు, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్లీ లాగి చూశాడు" అని రాసేవాడూ ఉంటాడు. మీక్కావలసింది రెండోవాడు.

అపోహ: అనువాదంలో శైలి పోతుంది.

వాస్తవం: అనువాదకుణ్ని బట్టి ఉంటుంది. ఒక అనువాదం నచ్చితే ఆ పేరు గుర్తుపెట్టుకుని, వాళ్లు చేసిన మిగతా పుస్తకాలు చూడండి. తెలియని రచయితలు దొరకడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

అపోహ: నచ్చిన పుస్తకం లాంటిదే ఇంకోటి కావాలంటే అలాంటి కథ వెతకాలి.

వాస్తవం: సీరియల్ కిల్లర్ కథ నచ్చిందని ఇంకో సీరియల్ కిల్లర్ కథ తెచ్చుకుంటే దొరికేది అదే హత్య, వేరే గొంతుతో. మీకు నచ్చిన రచయిత ఎవరిని మెచ్చుకున్నారో, ఎవరి పుస్తకాలకు ముందుమాటలు రాశారో చూడండి, అవి క్రైమ్ నవలలు కాకపోయినా సరే.